పద్నాలుగో నత్త

పటాన్‌చెరు నుంచి గడ్డపోతారం పోయే కంపెనీ బస్సులో మూడో వరస కిటికీ సీటు పుష్పమ్మది, దాని పక్కది సునందది. ఈ ఏర్పాటు ఎవరూ రాసిపెట్టింది కాదు. కానీ ఏడేళ్లుగా ఆ పక్క సీట్లో ఇంకొకరు కూర్చోలేదు. కొత్తగా చేరినవాళ్లెవరైనా తెలియక కూర్చుంటే పుష్పమ్మ చూసే చూపుకే లేచి వెనక్కి పోతారు. బస్సు కదలగానే ఆమె టిఫిన్ డబ్బా ఒళ్లో సర్దుకుని రోజూ ఒకటే మాట అడుగుతుంది.

"మహిత ఏం తిన్నది పొద్దుగాల?"

సునంద చెబుతుంది. ఉప్మా చేస్తే పల్లీలు ఏరుకుని తిని మిగతాది వదిలేసిందని చెబుతుంది. జడ వేస్తుంటే ఒక్క నిమిషం కుదురుగా ఉండదని, లెక్కల టీచరంటే భయమని, రాత్రి దీపం ఆర్పితే నిద్రపోదని చెబుతుంది. చెబుతున్నంతసేపూ ముఖంలో ఒక వెలుగు ఉంటుంది. ఫ్యాక్టరీ గేటు వచ్చేసరికి ఆ పిల్లను బస్సంతా చూసినట్టే ఉంటుంది.

ఇందులో చిక్కు ఒక్కటే. మహిత అనే పిల్ల లేదు, ఎప్పుడూ లేదు.

ఇంత పెద్ద అబద్ధం ఆడిందని సునందను ఆడిపోసుకునే ముందు ఆమె సంగతి కాస్త వినాలి. ఆమెది సదాశివపేట అవతల ఒక చిన్న ఊరు. కూలి చేసుకుని బతికే ఇల్లు. పంతొమ్మిదో ఏట పెళ్లయింది, పదకొండేళ్లు కాపురం చేసింది, కడుపు పండలేదు. భర్త ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఆ ఇంట్లో ఆమెను పొమ్మని ఎవరూ అనలేదు, ఉండమని కూడా అనలేదు. ఆమే సంచి సర్దుకుని పటాన్‌చెరు వచ్చి ఒక గది కిరాయికి తీసుకుని సీసాల కంపెనీలో చేరింది. అక్కడ అడిగినవాళ్లందరికీ ఉన్నదున్నట్టు చెప్పింది. అదే ఆమె చేసిన తప్పు. ఆ రోజు నుంచి ఆమె ముందు ఎవరూ పిల్లల మాట ఎత్తేవాళ్లు కాదు. పక్కన నిలబడి పని చేసే అమ్మాయి సీమంతానికి అందరినీ పిలిచి ఈమెను మాత్రం పిలవలేదు. మర్నాడు మిఠాయి తెచ్చి చేతిలో పెట్టింది. ఆ మిఠాయి సునంద తినలేకపోయింది. నెల తిరగకుండానే ఆ పని మానేసింది.

గడ్డపోతారం మందుల కంపెనీలో చేరిన మొదటి రోజు బస్సులో పుష్పమ్మ అడిగింది, ఎంతమంది పిల్లలని. ఒక పాప అని నోరు దానంతటదే అనేసింది. పేరేంది అంటే మహిత అంది. ఆ పేరు అప్పటికప్పుడు పుట్టింది కాదు. పెళ్లయిన కొత్తలో ఎవరికీ చెప్పకుండా దాచుకున్న పేరు, అప్పటికి పదకొండేళ్లుగా వాడకుండా అట్టే ఉంది. ఎన్నేళ్లు అంటే ఐదు అంది. అంతే, పిల్ల పుట్టేసింది.

పుట్టిన పిల్లను పెంచక తప్పుతుందా? సునంద పెంచింది. ఏటేటా ఒక తరగతి ఎక్కించింది. పుట్టినరోజని బస్సులో చాక్లెట్లు పంచింది. మొదటి ఏడు దసరా వెళ్లాక పంచింది, రెండో ఏడు ఆ తేదీ గుర్తులేక వినాయక చవితికి ముందే పంచింది. అందరూ తిన్నారు, ఎవరూ ఏమీ అనలేదు. పటాన్‌చెరులో స్టీలు సామాన్ల దుకాణంలో చిన్న టిఫిన్ డబ్బా కొని, మూత మీద మహిత అని పేరు కొట్టించింది. పొద్దున హడావిడిలో దాని డబ్బా నా సంచిలో వచ్చిందని చెప్పి మధ్యాహ్నం అందులోనే తినేది. పొరపాటు ఒకటి రెండుసార్లైతే సరే, వారానికి మూడుసార్లు జరిగేది.

ఈ అబద్ధానికి ఆమె కట్టిన మూల్యం కూడా తక్కువది కాదు. నలుగురిలో కలవడానికి ఆడిన మాటే ఆ నలుగురినీ గుమ్మం ఎక్కనివ్వలేదు. ఈ ఏడేళ్లలో కంపెనీ మనిషి ఒక్కరు కూడా ఆమె గదిలో అడుగు పెట్టలేదు. ఆదివారం వచ్చి పిల్లను చూసిపోతానని పుష్పమ్మ రెండుసార్లు అంది. రెండుసార్లూ సునంద ఊరికి పోతున్నానని చెప్పి, గదిలోనే తలుపేసుకుని కూర్చుంది. మూడోసారి పుష్పమ్మ అడగలేదు.

పని దగ్గర మాత్రం ఆమెకు హాయి. లోపలికి పోయేటప్పుడు గాజులు తీసెయ్యాలి, బొట్టు తుడవాలి, పూలు పెట్టుకోకూడదు. తలకు టోపీ, మూతికి మాస్కు, పైనుంచి కిందికి తెల్ల గౌను. మొగుడున్నదెవరో, పోయినదెవరో, వదిలేసినదెవరో అక్కడ తెలియదు, అందరికీ కళ్లొక్కటే మిగులుతాయి. బెల్టు మీద మాత్రల స్ట్రిప్పులు వరసగా వస్తుంటాయి. పది గుంటల్లో ఒక్కటి ఖాళీగా ఉన్నా కనిపెట్టి తీసి పక్కన వెయ్యడం సునంద పని. పుష్పమ్మది అంతకన్నా పెద్ద పని. ప్రతి బ్యాచ్ మొదలైనప్పుడు డబ్బా మీద తయారీ తేదీ, గడువు తేదీ సరిగ్గా పడ్డాయో లేదో చూసి సంతకం పెట్టాలి. పందొమ్మిదేళ్లలో ఒక్క తప్పు తేదీ కూడా ఆమె కన్ను దాటి బయటికి పోలేదని ప్యాకింగ్ సెక్షనంతా చెప్పుకుంటారు.

సాయంత్రం ఏడు గంటలకు టీవీలో ఒక కార్టూన్ వస్తుంది. గుల్లు అని ఒక నత్త కథ. ఎర్ర టోపీ, నీలం గుల్ల, భుజానికి సంచి, ఉద్యోగం ఉత్తరాలు పంచడం. పొద్దున ఒక్క ఉత్తరం పట్టుకుని బయల్దేరుతుంది. దారిలో వాన వస్తుంది, కాలువ అడ్డం వస్తుంది, పిచ్చి కప్ప ఒకటి దారి తప్పిస్తుంది. చేరేసరికి చీకటి పడుతుంది. ఊరంతా పడుకుని ఉంటుంది, ఒక్క ఇంటి కిటికీలో మాత్రం దీపం వెలుగుతుంటుంది. గుల్లు తలుపు కొట్టి, "ఆలస్యమైంది గానీ వచ్చేశాను" అంటుంది. తలుపు తెరుచుకుంటుంది, బొమ్మ ఆగిపోతుంది. తెరిచింది ఎవరో ఒక్కరోజు కూడా చూపించరు.

ఈ కార్టూన్ సునంద మొదట మహిత కోసమే పెట్టింది. ఆ వయసు పిల్లలు ఏం చూస్తారో తెలియకపోతే బస్సులో ఏం చెబుతుంది మరి? కానీ నెల గడిచేసరికి చూసేది మహిత కాదు, తనే. ఆరున్నరకు బస్సు దిగి, కూరగాయలు కొని, ఏడు కొట్టేలోపల అన్నం పొయ్యి మీద పడేసి టీవీ ముందు కూర్చునేది. ముప్ఫై ఎనిమిదేళ్ల ఆడది కంచం ఒళ్లో పెట్టుకుని నత్త కోసం ఎదురుచూస్తుందని ఎవరికైనా తెలిస్తే నవ్వుతారని ఆమెకు తెలుసు. తెలిసే అవకాశం లేదు కదా అని కూడా తెలుసు. ఆ గదిలో రోజంతటికీ ఆమెతో మాట్లాడే గొంతు అదొక్కటే.

డిసెంబర్ మొదటి వారంలో కంపెనీకి కొత్తగా వచ్చిన, తెల్లాపూర్ ఫ్లాట్లలో ఉండే హెచ్‌ఆర్ మేడం నిహారిక ఒక కబురు తెచ్చింది. ప్రతి సెక్షన్ ఒక క్రిస్మస్ చెట్టు అలంకరించాలి. ఏదో ఒక థీమ్ ఉండాలి, అన్నిట్లో బాగున్నదానికి బహుమతి. ఇరవై నాలుగు మధ్యాహ్నం అందరూ పిల్లల్ని తీసుకురావాలి. ప్యాకింగ్ సెక్షన్‌కు మడత విప్పితే నిలబడే ప్లాస్టిక్ చెట్టు ఒకటి ఇచ్చారు. పదకొండు మంది ఆడవాళ్లు క్యాంటీన్‌లో దాని చుట్టూ చేరి తలలు గోక్కున్నారు. వాళ్లలో చర్చికి పోయేది ఇందిరమ్మ ఒక్కతే. నక్షత్రం, గంటలు, చెట్టు కింద పశువుల పాక చాలంది. అవి అందరూ పెడతారు కదా అన్నారు మిగతావాళ్లు.

గుల్లు నత్తను పెడితే, అని సునంద నోరు జారింది.

పుష్పమ్మ వెంటనే అందుకుంది. "మహితకు పానం గద గుల్లు అంటే. గదే పెడదాం. పిల్ల సంబురపడ్తది."

అందరూ సరే అన్నారు. అలా మహిత ఇష్టం మీద చెట్టు మొదలైంది. కంపెనీ పేరున్న ముక్క ఏదీ వాడకూడదని రూలు కాబట్టి బయటి దుకాణాల నుంచి పాత అట్టపెట్టెలు తెచ్చారు. మధ్యాహ్నం భోజనమయ్యాక అరగంట పని. అట్టను సన్నగా కోసి చాపలా గుండ్రంగా చుడితే నత్త గుల్ల. దానికి నీలం రంగు. కూల్‌డ్రింక్ సీసాల ఎర్ర మూతలు టోపీలు. సునంద ఆ రోజుల్లో వేరే మనిషి అయిపోయింది. ఎడమ కొమ్ము నిటారుగా ఉండాలి, కుడిది కొంచెం వంగాలి అని దిద్దింది, మొదటి రోజు కథలో గుల్లు చెట్టు మీంచి పడింది కాబట్టి. చెట్టు చివర నక్షత్రం కాదు, దీపం ఉన్న కిటికీ ఉండాలంది. ఇందిరమ్మ ఒప్పుకోలేదు. చివరికి కిటికీలోపల నక్షత్రం పెట్టి దాని వెనక చిన్న బల్బు వెలిగించారు. కింద పాకలో పసిబాలుడి దగ్గరికి కూడా ఒక నత్త ఉత్తరం పట్టుకుని బయల్దేరింది. ఇది బాగుందని ఇందిరమ్మ మెచ్చుకుంది. ఇవన్నీ నీకెట్ల తెలుసు అని ఎవరో అడిగితే, మా మహిత రోజూ చూపిస్తది కద అంది సునంద. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. ఏడేళ్లలో అంత సంతోషంగా ఉన్న రోజులు ఆమెకు గుర్తులేవు.

సంతోషం ఉన్నచోటే భయం కూడా కూర్చుని ఉంది. పదకొండు మందికీ కలిపి పద్నాలుగు మంది పిల్లలు లెక్కకొచ్చారు. పిల్లకొక నత్త, నత్త సంచిలో చిన్న కవరు. కవరు మీద నంబరు, లోపలి చీటీలో పిల్ల పేరు, కింద గుల్లు చెప్పే మాట. చేతిరాత గుండ్రంగా ఉంటుందని చీటీలన్నీ పుష్పమ్మే రాసి అంటించింది. మహితది పద్నాలుగు. ఆ రోజు ఒక్కో నంబరు పిలుస్తారు, పిల్లలు ఒక్కొక్కరే వచ్చి తమ నత్తను కోసుకుంటారు. పద్నాలుగు పిలిచినప్పుడు ఎవరొస్తారు?

ఇంటి ఓనరమ్మకు పదేళ్ల మనవరాలుంది. ఒక్క మధ్యాహ్నానికి ఆ పిల్లను అడిగి తీసుకుపోతే ఏమవుతుందని సునంద మూడు రాత్రులు ఆలోచించింది. నాలుగో రోజు ధైర్యం చేసి ఓనరమ్మ తలుపు కొట్టింది. ఆమె ఏం కావాలంటే, కరివేపాకు ఉంటే రెండు రెమ్మలు ఇయ్యమంది. రెమ్మలు పట్టుకుని గదికి వచ్చి తనమీద తనకే అసహ్యం వేసి ఏడ్చింది. అద్దెకు తెచ్చిన పిల్లను మహిత అని పిలవడం ఆమె వల్ల కాదు. జ్వరమని చెప్పడం ఒక్కటే దారి. ఆ ముక్కను గొంతు వణకకుండా ఎట్లా అనాలో అద్దం ముందు నిలబడి అని చూసుకుంది. ఈసారి బయటపడితే సీసాల కంపెనీ నుంచి పోయినట్టు ఇక్కడ నుంచి కూడా పోవాలి. కానీ ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులో ఇంకో బస్సు, ఇంకో పక్క సీటు ఎక్కడ దొరుకుతాయి? ఆమె పోగొట్టుకోబోయేది ఉద్యోగం కాదు, పొద్దున అడిగే ఆ ఒక్క మాట.

ఇరవై నాలుగు వచ్చింది. క్యాంటీన్ నిండా కొత్త బట్టల పిల్లలు. బహుమతి మామూలుగానే స్టోర్స్ సెక్షన్ వాళ్లు కొట్టేశారు, కానీ పిల్లలంతా చేరింది మాత్రం నత్తల చెట్టు దగ్గరే. సునంద ఒక్కతే వచ్చింది. నాలుగు రోజులుగా నేర్చుకున్న మాట అప్పజెప్పింది, రాత్రి నుంచి జ్వరమని. అయ్యో అన్నారందరూ. ఇందిరమ్మ అక్కడే కళ్లు మూసుకుని ఆ బిడ్డ జ్వరం తగ్గాలని ప్రార్థన చేసింది. లేని పిల్ల కోసం ఒక మంచి మనిషి దేవుణ్ణి అడుగుతుంటే నిలబడి వినడం ఎంత కష్టమో సునందకు ఆ నిమిషంలో తెలిసింది. పుష్పమ్మ మాత్రం అయ్యో అనలేదు. ఒకసారి సునందను చూసి, చేతిలో జాబితా తీసుకుని పిలవడం మొదలుపెట్టింది.

ఒకటి. రెండు. మూడు. పిల్లలు పరుగెత్తుకొచ్చి నత్తలు కోసుకుంటున్నారు, చీటీ విప్పి పేరు చదువుకుని ఎగురుతున్నారు. సునంద స్తంభం పక్కన నిలబడి వేళ్లు లెక్కపెడుతోంది. పదకొండు. పన్నెండు. పదమూడు. పుష్పమ్మ జాబితా మడిచి జాకెట్లో పెట్టుకుంది. పద్నాలుగు పిలవలేదు. పిల్లల సందడిలో అది గమనించింది సునంద ఒక్కతే.

నాలుగున్నరకు పిల్లలు వెళ్లిపోయారు. చెట్టు అట్లాగే ఉంచండి, రేపు సెలవు కదా, తర్వాత చూద్దాం అంది నిహారిక మేడం. ప్యాకింగ్ ఆడవాళ్లకు అది మింగుడు పడలేదు. వాళ్ల దగ్గర ఒక మందు అయిపోయి ఇంకో మందు మొదలయ్యే ముందు లైన్ క్లియరెన్స్ అని ఉంటుంది. పాతదాని తాలూకు ఒక్క మాత్ర, ఒక్క చీటీ ముక్క అక్కడ మిగలకూడదు. తెచ్చినవెన్ని, వాడినవెన్ని, మిగిలినవెన్ని, లెక్క కలిసేదాకా ఎవరూ కదలరు. చేతులు అలా అలవాటు పడిపోయాయి. పది నిమిషాల్లో పాక విప్పారు, బల్బు తీశారు, నేల ఊడ్చారు. వెళ్లబోతూ ఇందిరమ్మ కొమ్మల్లోకి వంగి చూసి, ఇంకొకటి ఉందంది.

పుష్పమ్మ అందరినీ బస్సు దగ్గరికి పొమ్మంది. అందరూ పోయాక సునంద వైపు తిరిగి మామూలు గొంతుతోనే అంది.

"పద్నాలుగోది నీ చేత్తోని నువ్వే తియ్యి. లెక్క కలవాలె గద."

సునంద తీసి సంచిలో వేసుకుంది, దాని ముఖం కూడా చూడలేదు.

గదికి వచ్చి తలుపు వేసి, లైటు వేసి, మంచం మీద కూర్చుని నత్తను బయటికి తీసింది. కవరు చింపింది. మహిత పేరు చూడాల్సివస్తుందని ముందే కళ్లు నిండాయి. చీటీలో పుష్పమ్మ గుండ్రటి అక్షరాలు అన్ని చీటీల్లాగే ఉన్నాయి. కానీ రాసిన పేరు మహిత కాదు.

సునందకు. ఆలస్యమైంది గానీ వచ్చేశాను.

మొదట సిగ్గు కమ్మేసింది. ఆ తర్వాత భయం వేసింది. ఎంతకాలంగా తెలుసు, ఎంతమందికి తెలుసు, ఏడేళ్లూ వెనక ఎంత నవ్వుకున్నారో. ఆ రెండూ కాస్త సర్దుకున్నాక వచ్చింది అసలు దుఃఖం. ఒక మనిషికి తెలిసిపోయాక ఇక మహిత ఉండదు. రేపటి నుంచి దానికి ఉప్మా చెయ్యక్కర్లేదు, జడ వెయ్యక్కర్లేదు, ఎనిమిదో తరగతి ఎక్కించక్కర్లేదు. లేని పిల్ల పోయిందని ఏడిస్తే నవ్వరా అంటే నవ్వుతారు. అయినా సునంద ఏడ్చింది, కన్నతల్లి ఏడ్చినట్టే ఏడ్చింది. ఏడు గంటలు దాటిపోయాయి. ఆ రోజు టీవీ పెట్టలేదు.

మర్నాడు సెలవు. వీధి చివర చర్చి నుంచి మైకులో పాటలు వినిపిస్తున్నాయి. సునంద పొయ్యి వెలిగించలేదు. ఒక్కదానికి ఏం వండుకోవాలో ఆమెకు తెలియలేదు. ఇన్నాళ్లూ వండింది ఇద్దరికని ఇప్పుడు అర్థమైంది. పని మానేద్దామా అనుకుంది. పాశమైలారంలో ఎవరో మనుషులు కావాలన్నారని గుర్తు చేసుకుంది. సాయంత్రానికి నత్తను కిటికీ ఊచకు కట్టింది, మళ్లీ విప్పింది, మళ్లీ కట్టింది. ఆ రోజు కూడా టీవీ పెట్టలేదు.

ఇరవై ఆరు పొద్దున కాళ్లు ఆమెను అడగకుండానే బస్‌స్టాప్‌కు తీసుకొచ్చాయి. అలవాటుగా సంచిలో వేసుకున్న డబ్బా ఖాళీది. బస్సు వచ్చింది. పక్క సీటు ఖాళీగానే ఉంది. కూర్చుంది. బస్సు కదిలింది. పుష్పమ్మ టిఫిన్ డబ్బా ఒళ్లో సర్దుకుంది, కానీ ఏమీ అడగలేదు. సునందే అడిగింది.

"ఎప్పటి సంది ఎరుక అక్కా?"

"రెండో పుట్టినరోజు సంది," అంది పుష్పమ్మ. "తారీకులు సూసుడే గద నా పని."

"అందరికి ఎరుకేనా?"

"నాకెరుక. వాళ్లను నేను అడగలే, అడగను గూడ."

బస్సు రింగురోడ్డు వంతెన కింది నుంచి పోయింది. మరి తెలిసి కూడా రోజూ ఎందుకు అడిగేదానివని సునంద అడిగింది.

"చెప్పేటప్పుడు నీ మొఖం మంచిగుంటుండె," అంది పుష్పమ్మ. "గా ముచ్చట్లు లేకుంటే నువ్వు నోరే తెరవకపోతుంటివి. ఒక్కసారన్న నీ గురించి చెప్పినవా?"

సునంద నిజంగానే ఎప్పుడూ చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు, తను అడగనివ్వనూ లేదు. పుష్పమ్మ కిటికీ వైపు చూస్తూ, బస్సు కుదుపుకు డబ్బా పట్టుకుని, రోజూ అడిగే గొంతుతోనే అడిగింది.

"నువ్వేం తిన్నవ్ పొద్దుగాల?"

అలవాటుకొద్దీ సునంద నోటి చివరిదాకా ఒక కథ వచ్చింది. పల్లీల ఉప్మా, సగం వదిలేసిన కంచం. దాన్ని లోపలే ఆపుకుంది.

"ఏం తినలే అక్కా," అంది. "నిన్నటి సంది ఏం తినలే."

పుష్పమ్మ డబ్బా మూత తీసింది. లోపల జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం. ఎందులో పెట్టాలన్నట్టు చూస్తే, సునంద సంచిలోంచి తన డబ్బా తీసి పట్టింది. మహిత అని పేరు కొట్టించిన మూత పక్కకు పెట్టి పుష్పమ్మ అందులో రెండు రొట్టెలు పెట్టింది. గడ్డపోతారం ఇంకా ఇరవై నిమిషాలుంది. సునంద తినడం మొదలుపెట్టింది.